పేకాటలోని ‘పేక’

పేకాట పేరు వినగానే ముఖం చిట్లించుకొనే పెద్దలు మన సంఘంలో కొందరున్నారు. వేపపూత పచ్చడిని గూర్చి, పంచాంగ శ్రవణాన్ని గూర్చి వ్రాయవలసిన ఉగాది సంచికలో ఈ పెద్దమనిషికి పేకముక్కలు తప్ప మరేమీ దొరకలేదా అని వారు కినుక వహించక ముందే మనవి చేసుకుంటున్నాను: నేను పేకాట ఆడను. మా ఇంట ఆ ఆట లేదు. ఎందుకు లేదో కూడా ఈ వ్యాసంలోనే చెబుతాను. కాని మాట వేరు, ఆట వేరు. మాట పుట్టుక తెలుసుకోవడానికి ముక్క పట్టనక్కరలేదు గదా!

నిరుడు ఉగాదినాటి రాత్రి ముంబయిలో మన వాళ్ళందరి భోజనాలూ అయిన తరువాత, వెనుకగదిలో నలుగురైదుగురు జంపకానా పరచుకొని ముక్కలు కలుపుతున్నారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరుగుతున్న పదేళ్ళ కుర్రవాడొకడు గుమ్మంలో నిలబడి చూస్తూ, “తాతయ్యా, మా బడిలో అందరూ దీన్ని పత్తే అంటారు. మనమెందుకు పేక అంటాం? పేక అంటే ఏమిటి?” అని అడిగాడు.

నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన ఒకరు తడుముకోకుండా జవాబు చెప్పారు: “పేక అంటే మగ్గంలో పేకేరా! పడుగు, పేక. అడ్డంగా పోయే నూలు. ముక్క ముక్కకీ జత కలిపి నేస్తున్నట్టే గదా ఆట!” బ్యాంకి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొంటున్న మరొకాయన నవ్వి, “మగ్గమూ లేదు, గిగ్గమూ లేదు. ఇంగ్లీషువాడి ప్యాకు మన నోట్లో పడి పేక అయింది” అన్నారు. పెద్దాయనకు కోపం వచ్చింది. “మరి ఆసు సంగతేమిటయ్యా? ఆసు మాది కాదూ? అదీ ఇంగ్లీషువాడిదేనా?” అన్నారు. ఆట ఆగిపోయింది. చివరికి అందరూ నావైపు తిరిగి, “నీది ఎమ్మిగనూరే గదా! మగ్గం తెలుసు, కన్నడం తెలుసు, నీవు చెప్పు” అన్నారు. ఆ రాత్రి నేనేమీ చెప్పలేకపోయాను. ఆ బాకీయే ఇప్పుడు తీరుస్తున్నాను.

ఎమ్మిగనూరు తుంగభద్రకు దక్షిణాన, ఆదోనికి చేరువలో ఉన్న ఊరు. ఊరి పేరులోనే కన్నడం వాళ్ళ ‘ఎమ్మె’, అంటే మన ఎనుము, వినబడుతుంది. మా పెద్దల కాలంలో అది బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాను చీల్చి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను మనవైపు ఉంచి, బళ్ళారిని మైసూరు రాష్ట్రంలో కలిపారు. మేము కర్నూలు జిల్లావాళ్ళమైనాము. అయితే సంతలకూ, పెళ్ళిళ్ళకూ, మాటలకూ ఎల్లలు ఉండవు. ఒకే అరుగుమీద కూర్చొని ఒకాయన ‘పేకాట’ అంటే, పక్కాయన ‘ఇస్పీటు’ అనేవాడు. ఇద్దరూ ఒకే ముక్కలు పట్టుకొని ఉండేవారు. కన్నడ పల్లెలలో యుగాది పండుగకు ఇస్పీటు ఆడటం ఆనవాయితీ కూడాను. కనుక ఈ సంచికలో ఈ విషయం మరీ అపచారమేమీ కాదు.

ఇక మగ్గం సంగతి. మా ఊరికి అన్నం పెట్టింది నేతపని. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం మూలాన ఎమ్మిగనూరు పేరు దేశమంతా వినబడింది. మగ్గం చూడని పిల్లల కోసం రెండు మాటలు చెప్పాలి. నిలువున బిగించి కట్టిన దారాలు పడుగు. నాడెలో కండె పెట్టి, పడుగు మధ్యనుంచి అటూ ఇటూ అడ్డంగా పోనిచ్చే దారం పేక. పన్నెతో దానిని కొట్టి దగ్గరకు చేరిస్తే గుడ్డ. పడుగు ఎంత గట్టిదైనా పేక పడనిదే అది దారాల వరసే. ఈ పేక అచ్చమైన తెలుగు మాట. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకొన్నది కాదు.

పెద్దాయన చెప్పిన ఆసు కూడా నిజంగా నేతవారి మాటే. మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పి పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ‘ఆసులో కండె తిరిగినట్టు’ అని తెలుగు పల్లెల్లో అందరూ అనేమాట. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి వేలసార్లు ఆడాలి. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశంగారు 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇలా ఒక పేకముక్కల కట్టలోనే పేక ఒకటి, ఆసు ఒకటి, రెండు నేతమాటలు కనబడితే, ఈ ఆటకు సాలెవాళ్ళే పేరు పెట్టారని మా పెద్దాయన అనుకోవడంలో వింత ఏమున్నది? నాకూ మొదట అలాగే తోచింది. కాని ఆటలోని మిగతా పేర్లను పిలిచి సాక్ష్యం అడగకుండా తీర్పు చెప్పరాదు.

ఈ ముక్కలు రాకముందు మన దేశంలో వేరే చీట్ల ఆట ఉండేది. దాని పేరు గంజీఫా. పారశీకంలో ‘గంజ్’ అంటే ధనాగారం. పేరు ఆ మాటనుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. బాబరు 1527లో సింధు దేశపు షా హసనుకు అతడు కోరిన మీదట గంజీఫా చీట్లు పంపినట్లు తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. మన దేశంలో ఆ పేరు కాగితమెక్కిన తొలి సందర్భాలలో అది ఒకటి. ఇంకా వెనుకకు పోతే ఈజిప్టు. అక్కడి మమ్లూకు సుల్తానులనాటి చీట్లు కొన్ని ఇస్తాంబుల్ రాజప్రాసాదంలో ఉండగా, ఎల్. ఏ. మేయర్ అనే పండితుడు వాటిని 1939లో లోకానికి ప్రకటించాడు. కత్తులు, గిన్నెలు, నాణేలు, పోలో కర్రలు అనే నాలుగు రంగులు. రాజు తరువాతి ముక్క పేరు ‘నాయబు’. మన నాయబు తహసీల్దారులోని నాయబే! ఆ నాయబునుంచే స్పెయిను దేశంవారు పేకముక్కలకు ‘నైపెస్’ అని పేరు పెట్టుకొన్నారు.

మొగలాయి గంజీఫాకు ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున తొంబదియారు చీట్లు. కిరీటం, కత్తి, బంగారు నాణెం, వెండి నాణెం, బానిస, వీణవంటి వాద్యం, హుండీ పత్రం. ఎనిమిదవది ‘కిమాష్’, అంటే సరకు, బట్టలు. చూడండి, గుడ్డ అక్కడా ఉన్నది! హిందువులు దీనిని దశావతారాలుగా మార్చుకొని నూటయిరవై చీట్లు చేసుకొన్నారు. పగలు ఆడితే రాముడిది మొదటి చేయి, రాత్రి ఆడితే కృష్ణుడిది.

అబుల్ ఫజల్ ‘ఐనె అక్బరీ’లో వర్ణించిన పన్నెండు రంగుల ఆట మరీ చోద్యం. అందులోని మొదటి మూడు రంగుల పేర్లు అశ్వపతి, గజపతి, నరపతి. గుర్రపు బలం గల ఢిల్లీ ప్రభువు, ఏనుగుల బలం గల ఒడిస్సా ప్రభువు, కాల్బలం గల బిజాపురపు ప్రభువు అని ఆయన వివరం. తెలుగు చరిత్ర చదివినవారికి ఈ మూడు పేర్లూ కొత్తవి కావు. విజయనగరం వారిని నరపతులనీ, కటకం వారిని గజపతులనీ మన వాళ్ళు ఎన్నడో పిలుచుకొన్నారు. నరపతుల రాజధానికి కొద్ది దూరంలో పుట్టిన నాకు, మా రాజు బిరుదు అక్బరు చేతి చీట్లలో దొరికినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

గంజీఫా తయారీకి తెలుగు నేలమీద కూడా పేరుపడ్డ ఊళ్ళున్నాయి. లక్కపనికీ, బొమ్మలకూ పేరెన్నికగన్న నిర్మల్ ఒకటి. ఒకప్పటి కర్నూలు జిల్లాలోనిదీ, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిదీ అయిన నొస్సం మరొకటి. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) అయితే ‘శ్రీతత్త్వనిధి’లో ఒక భాగం మొత్తం ఇటువంటి ఆటలకే కేటాయించి, మూడువందల అరవై చీట్ల ఆటను కూడా కల్పించాడు. ఆడేవాళ్ళకు ఎంత తీరిక ఉండేదో! దర్బారులలో ఏనుగు దంతంమీదా, తాబేటి చిప్పమీదా చిత్రించేవారు. బజారు చీట్లకు మాత్రం పాతగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, గుండ్రంగా కోసి, రంగులు వేసి, లక్క పూసేవారు. కాబట్టి చీట్లలో నేతవాడి గుడ్డ ఉన్నమాట నిజం. కాని పేరులో లేదు. ఒడిస్సాలో ‘గంజపా’ అన్నారు, సావంతవాడిలో ‘గంజిఫా’ అన్నారు. ఈ ఆటను పేక అన్నవారు లేరు. అంటే పేక అనే పేరు ఆ గుండ్రని చీట్లతో వచ్చినది కాదు. ఓడలమీద వచ్చిన యాభైరెండు ముక్కలతో వచ్చినది.

ఇప్పుడు ఆ ముక్కల రంగుల పేర్లు చూద్దాం: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. డైమను ఇంగ్లీషు అని చెప్పనక్కరలేదు. మరి కళావరును ఇంగ్లీషువాడు ‘క్లబ్సు’ అంటాడు, ఆఠీనును ‘హార్ట్సు’ అంటాడు. క్లబ్బు ఎంత సాగదీసినా కళావరు కాదు. ఇక్కడ డచ్చివారిని పిలవాలి. వారి భాషలో ఆ మూడాకుల ముక్క ‘క్లావర్’. గుండె ముక్క ‘హార్టెన్’. హకారం జారిపోగా మన ఆఠీను అయింది. మన మాట నమ్మనివారు వంగదేశం వెళ్ళి అడగవచ్చు. చుంచుడాలో డచ్చివారి కోఠీ ఉన్న ఆ దేశంలో గుండె ముక్క ‘హర్తన్’, డైమను ‘రుఇతన్’, ఇస్పేటు ‘ఇస్కాపన్’. డచ్చిలో ఇవి హార్టెన్, రైటెన్, స్ఖాపెన్. మన ముంబయి పొరుగువారు కూడా కళావరును ‘కిల్వర్’ అనే అంటారు. ఇన్ని భాషలు కలిసి ఒకే అబద్ధం చెప్పవు.

అందరికీ తెలిసిన తురుఫు కూడా అలాంటిదే. డచ్చిలో ‘త్రూఫ్’. ఇంగ్లీషు ‘ట్రంపు’లోని మకారం దానిలో లేదు, మన తురుఫులోనూ లేదు. ఆ వరసలోనే ఆసు: డచ్చివారు ఒంటిచుక్క ముక్కను ‘ఆస్’ అంటారు, అదీ దీర్ఘంతో సహా. ఇంగ్లీషువాడి ‘ఏస్’నుంచి వచ్చి ఉంటే మనకు ఏసు కావలసింది. బ్యాంకి ఆయనా ఓడినట్టే, పెద్దాయనా ఓడినట్టే. మేకుల చుట్టూ నూలు పోసే ఆసు వేరు, చుక్క ఆసు వేరు. ఒకే ఊరిలో ఒకే పేరుగల ఇద్దరు మనుషుల్లాగా ఎదురుపడ్డాయి.

డచ్చివాడు ఇక్కడికి ఎందుకు వచ్చాడో కూడా చెప్పాలి గదా. మిరియాలకూ, జాజికాయలకూ తూర్పు దీవులకు పోయిన డచ్చి కంపెనీవారికి అక్కడివాళ్ళు వెండికన్న మన గుడ్డలనే ఎక్కువ ఇష్టంగా పుచ్చుకొంటారని తెలిసింది. వెంటనే 1605లో మచిలీపట్నంలోనూ, 1610లో పులికాటులోనూ దిగారు. ఆ తరువాత పాలకొల్లు, భీమునిపట్నం. నేతగుడ్డల బేళ్ళు ఓడలకెక్కాయి. ఓడల్లోని సరంగులూ, సోల్జర్లూ, గుమాస్తాలూ తీరిక వేళల్లో విప్పిన ముక్కలు ఒడ్డున దిగాయి. 1825 నాటికి వారి ఠాణాలన్నీ ఇంగ్లీషువారి వశమైనాయి. తెలుగుతీరంలో డచ్చివారి గుర్తులంటే ఇప్పుడు మనకు కనబడేవి కొన్ని గోరీలే. నోట్లో మిగిలినవి మాత్రం కళావరు, ఆఠీను, తురుఫు, ఆసు. గుడ్డ అమ్మి మాటలు కొనుక్కున్నామన్నమాట.

కన్నడంవారి ఇస్పీటు కథ వేరు. నాలుగు రంగులలో ఒకదాని పేరునే వారు కట్ట మొత్తానికి పెట్టుకొన్నారు. ఇంగ్లీషులో ‘స్పేడ్’ అంటే పార అని అర్థం చెప్పి కొందరు ఆ బొమ్మలో పారను వెదుకుతారు. అక్కడ పార లేదు. ఇటలీ, స్పెయిను దేశాల ముక్కలమీద ఉండే కత్తి పేరు ‘స్పాద’, ‘ఎస్పాద’. దానినుంచే ఇంగ్లీషు పేరు వచ్చింది. అంటే బళ్ళారి అరుగుమీద ఇస్పీటు అన్నప్పుడల్లా ఈజిప్టు సుల్తాను చీట్లలోని కత్తినే తలచుకొంటున్నారన్నమాట!

చివరకు పేక. ఇది మగ్గంనుంచి వచ్చినదా, ప్యాకునుంచి వచ్చినదా? మనం ఆ మాటను ఎలా వాడుతామో గమనించండి. ఒక్క ముక్కను ఎవరూ పేక అనరు, పేకముక్క అంటారు. “రెండు పేకలు కలిపి ఆడారు” అంటాము. అంటే పేక అనేది కట్టకు పేరు. మగ్గంలో పేక కట్ట కాదు, ఒకదాని తరువాత ఒకటిగా పోయే దారం. ఇంగ్లీషులో ‘ప్యాక్’ అంటే సరిగ్గా ముక్కల కట్టే. ప్యాంటును పేంటనీ, ట్యాక్సీని టేక్సీ అనీ పలికేవారున్న భాషలో ప్యాకు పేకు కావడం వింత కాదు. ఇంతవరకు బ్యాంకి ఆయన గెలిచారు.

కాని వారు కూడా జవాబు చెప్పవలసిన చిక్కు ఒకటి ఉన్నది. ఇంగ్లీషునుంచి హల్లుతో ముగిసే మాట వస్తే తెలుగువాడు దానికి ఉకారం తగిలిస్తాడు. బస్సు, కోటు, కోర్టు, ఫైలు, బ్యాంకు. ఆ లెక్కన ఇది పేకు కావాలి. ‘పేకాట’ అనే సంధిలో ఆ తేడా కనబడదు, పేకు అయినా పేక అయినా ఆటతో కలిస్తే పేకాటే. కాని ‘పేకముక్క’లో, ‘రెండు పేకలు’లో ఆ అకారం ఎక్కడనుంచి వచ్చింది? నా ఊహ ఇది: పరాయి మాట వచ్చి గుమ్మంలో నిలబడేసరికి, లోపల అదే పోలికగల ఇంటిమాట ఒకటి ముందునుంచీ కూర్చొని ఉన్నది. పడుగుపేకల పేక ప్రతి ఊరిలోనూ, ప్రతి నోటిలోనూ నలిగిన మాట. పేకు అనబోయిన నోరు అలవాటుకొద్దీ పేక అన్నది. మాట ఇంగ్లీషుదే, దాని కొస మాత్రం మన మగ్గాలది. దీనిని పండితులు కాదంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ అకారానికి ఇంతకన్న మంచి కారణం చెప్పాలి, అంతే.

మా ఇంట్లో మాత్రం ఈ రెండు పేకలూ ఎన్నడూ కలిసి బ్రతకలేదు. మా చిన్నాన్న మంచి పనివాడు. జరీ అంచు పట్టితే కన్ను తిప్పుకోలేకపోయేవారట. నీలకంఠేశ్వరస్వామి జాతర రోజుల్లో సరదాకు మొదలైన ఆట వారానికొకసారి అయింది, తరువాత రోజూ అయింది. ఒక ఏడు షావుకారు నేయమని తూచి ఇచ్చిన నూలును కుదువబెట్టి ఆ డబ్బుతో ఆడాడు. “పేకకు ఇచ్చిన నూలు పేకలో పోయింది” అని మా నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. ఆయన అది చమత్కారంగా అనలేదు. ఆ నూలు బాకీ తీర్చడానికి ఆయన తన మగ్గం అమ్మాడు. మగ్గం లేని నేతవాడికి ఊళ్ళో పనేమున్నది? ఆదోనిలో రైలెక్కి సోలాపురం వచ్చాము. అక్కడినుంచి ముంబయి. పదమూడు ముక్కల రమ్మీ అదృష్టపు ఆట కాదు, నేర్పుతో కూడిన ఆట అని సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ సంగతి ఎవరో తరువాత నాన్నకు చెబితే, “నేర్పుంటే నాడెలో చూపించమను” అని ఊరుకొన్నాడు. ఆయన ఉన్నంతకాలం మా ఇంట పేక అనే మాటకు ఒకే అర్థం. ఆటను ఎవరైనా తలచుకోవలసి వస్తే ‘ఆ ముక్కలు’ అనేవాళ్ళం.

అందుచేతనే నిరుడు ఆ కుర్రవాడు అడిగినప్పుడు నాకు నోరు పెగలలేదు. మగ్గంలో పేకేనని పెద్దాయనతో కలిసి తల ఊపితే మా నాన్న ఒప్పుకోడనిపించింది. కాదు, ఇంగ్లీషువాడిదని చెబితే, నలభై ఏళ్ళు గుంటలో కూర్చున్న మనిషిని పిల్లవాడి ముందు చిన్నబుచ్చినట్లవుతుందనిపించింది.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు పెద్దాయన ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. డచ్చివారి సంగతి వచ్చినప్పుడు, “ఆసు కూడా పోయిందా!” అన్నారు. పేక దగ్గరకు వచ్చేసరికి రెండుసార్లు చదివించుకొన్నారు. “అయితే ఆ అకారం మాదేనంటావు.” “నాకు అలాగే తోస్తున్నది, మామా” అన్నాను. “సరే, రాసెయ్యి” అని లోపలికి వెళ్ళి, అటకమీదనుంచి పాత నాడె ఒకటి, నూలు చుట్టిన కండె ఒకటి తీయించారు. ఈ ఉగాదికి ఆ కుర్రవాడి చేతికి అవి ఇచ్చి చూపిస్తారట. నాడె మొన కాస్త అరిగింది గాని, కండె ఇంకా తిరుగుతున్నది.